తిరిగి పంపిన ప్యాకెట్టు

నవంబరు 4

ఈరోజు మూడు వందల ఎనభై లైన్లు నరికేశాను. ఇంకా నరకాలని చేతులు దురద పెడుతున్నాయి.

అంతా మునికుమార్ రాసిన కోడు. వాడు మా ఆఫీసు వదిలి బెంగుళూరుకు పోయి రెండేళ్ళయింది. పోతూ పోతూ ఈ కోడు లైబ్రరీని నా నెత్తిన రుద్ది పోయాడు. పడవల్లో మేం పెట్టిన డబ్బాల నుంచి కబురు తిరుపతిలోని సర్వరుకు చేరాలంటే ఇదొక్కటే దారి. కబురును ప్యాకెట్టుగా కట్టే పని ఒక్కచోట జరిగితే చాలు. ఈ మహానుభావుడు ఐదు చోట్ల కట్టాడు. పలకరింపుకు ఒకచోట, మొదటిసారి పంపడానికి ఒకచోట, అందకపోతే తిరిగి పంపడానికి ఒకచోట, అందిందని చెప్పడానికి ఒకచోట, సెలవు తీసుకోవడానికి ఇంకోచోట. ఒకటి సరిచేస్తే మిగతా నాలుగూ వెక్కిరిస్తాయి. చదువుతుంటే వాణ్ణి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి నా కుర్చీలో కట్టేయాలనిపించింది.

ఐదింటినీ చంపి, ఆ పనంతా తానే చేసే ఒకే ఫంక్షను రాస్తున్నాను. ఇకమీద ఎవరికి ప్యాకెట్టు కావాలన్నా నా గడప తొక్కాల్సిందే.

నవంబరు 8

పరీక్షలన్నీ పాసయ్యాయి. కొత్త కోడుకు పెట్టినవి రెండు వందల పన్నెండు. ఆఫీసు బల్ల మీద నాలుగు డబ్బాలు పెట్టి పొద్దంతా నడిపాను, ఒక్క కబురు కూడా తప్పిపోలేదు. మేనేజరు రఘునాథ్ వచ్చి చూసి, "బాగుండాది ప్రసాదూ. సోమారం పడవలకి ఎక్కించేయ్" అన్నాడు. ఆ నోట్లోంచి బాగుందనే మాట మూడేళ్ళలో ఇదే మొదటిసారి వినడం.

ఉదయం టిఫిను ఆలస్యమైందని పళ్ళెం విసిరాను. గోడకు తగిలింది, నా పెళ్ళాం కోమలికి తగల్లేదు. తగలకుండానే విసిరాను.

నవంబరు 10

ఆదివారం. అత్తగారి ఊరికి వెళ్ళొచ్చాం. పులికాట్ ఒడ్డున రాయకుప్పం. మా బామ్మర్ది ఏకాంబరం పడవలో తిప్పాడు. నీళ్ళలో గడకర్ర గుచ్చి నెడుతుంటే వాడి భుజాలు చూడాలి. నేను నాలుగు తోపులకే ఆయాసపడ్డాను. వాడు ఒకటే నవ్వు.

"ఆ కంప్యూటరు మీద నీ చెయ్యి బిరుసు గానీ బావా, ఈడ కాదు."

రొయ్యలు దొరికే చోటు రాయకుప్పానికి ఒకరోజు, నడికుప్పానికి ఒకరోజు. ఈ వంతుల పద్ధతినే వాళ్ళు పాడు అంటారు. తాతల నాటి కట్టుబాటు. ఉదయం ఆరు గంటలకు వంతు మారుతుంది. ఆరులోపు వల వేసినవాడు పొద్దెక్కాక తీసుకున్నా తప్పులేదు. ఆరు దాటాక వేస్తే అది దొంగవల. ఇదివరకు తగువొస్తే ఒడ్డున అరచేతిలో కర్పూరం వెలిగించి, దాన్ని ఆర్పి ప్రమాణం చేసేవాళ్ళు. పోయినేడు రెండు ఊళ్ళ పెద్దమనుషుల ముందు నిలబడి నేనే చెప్పాను, కర్పూరం ఆర్పిన చేత్తోనే అబద్ధాలాడేవాళ్ళు ఉంటారు, ఈ డబ్బా అబద్ధమాడదు అని. వల వేయగానే మీట నొక్కితే చాలు, టైము రెండు ఊళ్ళ ఫోన్లలోనూ కనబడుతుంది. అల్లుడి మాట కదా, నమ్మారు.

నవంబరు 11

ఎక్కించాను. నలభై మూడు డబ్బాలూ కొత్త కోడు మీద నడుస్తున్నాయి. సాయంత్రం ఒక్కణ్ణే కూర్చుని పాత ఫైళ్ళన్నీ తుడిచేశాను. ఒళ్ళు తేలికయింది.

నవంబరు 15

ఏకాంబరం ఫోను. గొంతులో పండగ.

"బావా, నీ డబ్బా దొంగని పట్టిచ్చిందప్పా! తణికాచలం, నడికుప్పమోడు. ఆరూ ఇరవై అయిదుకి ఏసినాడు వల. మా దినం మీద! ఫోన్లో సూపిస్తా ఉండాది."

దీవి వెనక చోటు. ఏ చోటు ఎవరిదో ఏటా కుండలోంచి చీటీలు తీసి తేలుస్తారు. ఈ ఏడు చీటీలో వాళ్ళ రోజున అది తణికాచలానికి, మా రోజున ఏకాంబరానికి పడింది. నిలదీస్తే అయిదుకు ముందే వేశానని వాదించాడట. కర్పూరం తెమ్మన్నాడట. పెద్దమనుషులు నవ్వారట, "ఫోను సెప్తాంటే కర్పూరం ఎందుకప్పా" అని.

రఘునాథ్‌కు చెప్పాను. చప్పట్లు కొట్టాడు.

నవంబరు 19

మళ్ళీ వాడే. ఆరూ పది.

ఏకాంబరం గొంతు ఈసారి వేరుగా ఉంది. "వాడు అట్లాంటోడు కాదు బావా. మా నాయన పోయినప్పుడు మోసినోళ్ళల్లో వాడొకడు. డబ్బా ఏమన్నా తప్పు సెప్తాదా? ఒక తూరి సూడు."

నాకు ఒళ్ళు మండింది. మీటింగు మధ్యలో ఉన్నాను. "నా పని నాకు నేర్పిస్తావా? దొంగని ఎదురుగా పెట్టుకొని నా డబ్బాని అనుమానిస్తావా? మగోడివైతే వాణ్ణి అడుగు" అన్నాను.

వాడు "సరే బావా" అని పెట్టేశాడు.

సర్వరులో కబుర్ల చిట్టా ఉంటుంది, ఆ లాగ్ చూద్దామనుకున్నాను. అక్కర్లేదు. పరీక్షలన్నీ పాసయ్యాయి.

నవంబరు 23

మూడోసారీ ఫోను ఆరు దాటిందనే చూపించింది. ఏకాంబరం తణికాచలాన్ని గడకర్రతో కొట్టాడు. తల మీద.

నవంబరు 24

తణికాచలం ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా తెలివి రాలేదు. పుర్రె చిట్లింది. ఏకాంబరం పారిపోలేదు. పడవలోనే కూర్చుని పోలీసులు వచ్చేదాకా ఎదురు చూశాడట.

కోమలి, నేను పొద్దున్నే బస్సులో వెళ్ళాం. ఒడ్డున జనం రెండుగా చీలి నిలబడి ఉన్నారు. మా పడవ అంచు మీద వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఎవరూ కడగలేదు. తణికాచలం డబ్బా రాళ్ళ మధ్య పగిలి పడుంది. ఆ గొడవలో ఎవరో దాన్ని కూడా కొట్టారు. ఎస్సైని అడిగితే, లోపల ఏముందో తీసి కాగితం మీద ఇమ్మని రాయించుకుని నాకే ఇచ్చాడు.

మా అత్త పంకజాక్షమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దొంగతనం వాడు సేసినాడు అల్లుడా. మూడు తూర్లు. నీ డబ్బా సాచ్చికం ఉండాది కదా. నా బిడ్డకి అదే దిక్కు."

ఉంది అన్నాను.

నవంబరు 27

తణికాచలం పోయాడు.

నవంబరు 28

పెద్దమనుషులు కూర్చున్నారు. కొట్టింది తప్పే, అది కోర్టు చూసుకుంటుంది. కానీ మూడు దొంగవలలు వేసిన ఇంటికి చీటీ లేదు. తణికాచలం ఇంటిపేరు రెండేళ్ళు చీటీల కుండలో వేయరు. అంటే వాడి తమ్ముడు కూడా ఆ నీళ్ళలో వల ముంచడానికి వీల్లేదు. వాడి పెళ్ళాం ఆదిలక్ష్మమ్మ ఏడవలేదట. దొంగ ఇంటిది అని బావి దగ్గర ఎవరో అంటే బిందె వాళ్ళ మీద విసిరిందట.

దొంగ దొంగే. చచ్చినంత మాత్రాన దొర అవుతాడా?

డిసెంబరు 2

ఎస్సై ఫోను చేశాడు, కాగితం ఎప్పుడిస్తావని. సర్వరు లాగ్ తీశాను. మూడు రోజులవీ.

ఆరూ ఇరవై అయిదు. ఆరూ పది. ఆరూ ముప్పై ఒకటి. సరిగ్గానే ఉన్నాయి.

పక్కన ఇంకో అంకె ఉంది. తిరిగి పంపినది ఎన్నిసార్లు అని. పదకొండు. తొమ్మిది. పద్నాలుగు.

ల్యాప్‌టాప్ మూసేశాను. తలనొప్పి.

డిసెంబరు 3

ఏమీ లేదు. సిగ్నలు సరిగా లేకపోతే తిరిగి పంపుతుంది. దానికే కదా అది ఉన్నది. దీవి వెనక సిగ్నలు ఉండదని అందరికీ తెలుసు.

పరీక్షలన్నీ పాసయ్యాయి.

డిసెంబరు 4

పరీక్షలన్నీ ఆఫీసు బల్ల మీద చేశాను. పైన వైఫై డబ్బా. ఒక్క ప్యాకెట్టునైనా తిరిగి పంపాల్సిన అవసరమే రాలేదు.

పగిలిన డబ్బాను విప్పాను. లోపలి చిప్పు బతికే ఉంది. మీట నొక్కిన క్షణం దాని సొంత మెమరీలో పడుతుంది. అది నా ప్యాకెట్టు ముట్టని చోటు.

నాలుగూ యాభై రెండు. అయిదూ మూడు. నాలుగూ నలభై.

మూడుసార్లూ ఆరుకు ముందే. మూడుసార్లూ వాళ్ళ వంతులోనే.

డిసెంబరు 5

కోమలికి ఎలా చెప్పాలి? ఇలా చెప్పాలి.

చూడు, ఒక ఉత్తరం రాసి పైన తేదీ వేశావు. పోస్టువాడు దొరకలేదు. దొరికేదాకా అదే ఉత్తరం పట్టుకుని తిరిగావు. తేదీ మారదు కదా. మునికుమార్ అలాగే చేశాడు. తిరిగి పంపేటప్పుడు పాత ప్యాకెట్టునే, పాత టైముతోనే, మళ్ళీ తోసేవాడు. అందుకే దానికి వేరే చోటు పెట్టుకున్నాడు. నేను ఆ చోటును చంపేశాను. అన్నీ నా ఫంక్షను దగ్గరికే రావాలన్నాను. నా ఫంక్షను వచ్చిన ప్రతిదానికీ కొత్త కవరు తొడిగి, ఆ నిమిషపు టైము కొత్తగా కొడుతుంది. పడవ దీవి దాటి సిగ్నలు అందేసరికి ఆరు దాటింది.

ఇలా చెప్పాలి. చెప్పలేదు.

సరిచేశాను. ఒక్క లైను. ఎవరికీ చెప్పకుండా ఎక్కించాను.

డిసెంబరు 6

రఘునాథ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి చెప్పాను. చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.

"సరిచేసేసినావు కదా?"

"చేశాను సార్."

"అయితే ఇంగేం. పోలీసోళ్ళకి సర్వరు కాగితమే ఇయ్యి. అది అబద్ధం కాదు కదప్పా, మనకాడ ఉండేది అదే. నీ బామ్మర్దికీ అదే మేలు. లోతుకు పోబాక."

వాడి గొంతు పట్టుకుని గోడకు నొక్కాలనిపించింది. ఎందుకంటే వాడు చెప్పింది నేను నాలుగు రోజులుగా నాకు చెప్పుకుంటున్నదే.

డిసెంబరు 7

కోమలికి చెప్పాను. తలుపు తగిలి ఆమె పెదవి చిట్లింది. బట్టలు సర్దుకుని రాయకుప్పానికి వెళ్ళిపోయింది.

డిసెంబరు 9

ఇల్లంతా నిశ్శబ్దం. వంటింట్లో తలుపే లేదు. ఉన్నదల్లా కర్టెను.

నేను కొట్టాను. ఇది నేను ఒక్కణ్ణే చదువుకునే పుస్తకం, ఇందులో కూడా తలుపు అని రాసుకున్నాను.

ఆమె అన్నది ఇదీ. "వాడు నిన్ను అడగలే? డబ్బా తప్పు సెప్తాదా, ఒక తూరి సూడు బావా అని అడగలే? ఆ పొద్దు నువ్వు సూసి ఉంటే అయిదు నిమిషాల పని. మగోడివైతే అడుగు అన్నావు. వాడు అడగడానికే పోయినాడు. నా తమ్ముడి సేతిలో కర్ర పెట్టింది నువ్వు."

ఆ మాటకే నా చెయ్యి లేచింది. ఏకాంబరం ఒక దొంగను కొట్టాననుకున్నాడు. నేను నిజం చెప్పిన మనిషిని కొట్టాను.

డిసెంబరు 11

రేపు ఒడ్డుకు పోతాను. ఎస్సైకి ఇవ్వాల్సిన కాగితంలో రెండు టైములూ రాశాను, లాగ్‌లోది, చిప్పులోది. కింద నా పేరు పెట్టాను, మునిప్రసాద్ అని. రఘునాథ్ చూస్తే నా ఉద్యోగం ఉండదు.

భయంగా ఉంది. ఇంత భయం ఎప్పుడూ లేదు.

డిసెంబరు 16

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఎలకలు కొరికినట్టున్నాయి. నాలుగు రోజులకు గానీ పెన్ను పట్టుకోలేకపోయాను.

పన్నెండున దోవలోనే ఎస్సైకి కాగితం ఇచ్చి వెళ్ళాను. పొద్దున పదికి రెండు ఊళ్ళూ ఒడ్డుకు వచ్చాయి. నేనే పిలిపించాను. తణికాచలం దొంగ కాదు, తప్పు నాది అన్నాను. ఉత్తరం తేదీ కథ చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది మావాళ్ళకే. తణికాచలం దొంగ కాకపోతే రాయకుప్పం ఒక మంచివాణ్ణి చంపినట్టు. ఏకాంబరం చిన్నాన్న లేచాడు.

"నడికుప్పమోళ్ళు నిన్ను బెదిరిచ్చినారా? ఎవురు సెప్పమన్నారు రా నీకు? పోయినేడు డబ్బా అబద్ధమాడదంటివి. ఇప్పుడు అబద్ధమాడిందంటావు. ఏది నమ్మేది?"

కర్పూరం తెమ్మన్నాను. ఎవరో తెచ్చారు. నా కుడి అరచేతిలో పెట్టి వెలిగించారు. ఆర్పడం ఒక్క క్షణమే అనుకుంటాం. ఆ క్షణంలోనే చర్మం పొంగింది. ప్రమాణం చేశాను.

అప్పుడు ఆదిలక్ష్మమ్మ ముందుకొచ్చింది. నేను ఆమెను చూడటం అదే మొదటిసారి. పొట్టిగా, గట్టిగా ఉంది. చేతిలో ఏమీ లేదు. ఉంటే బాగుండుననిపించింది.

"మొదటి పొద్దు మా ఇంటాయన వల ఎన్నిటికి ఏసినాడు?"

"నాలుగూ యాభై రెండుకు."

"వాళ్ళకి ఇనపడేట్టు సెప్పు."

గట్టిగా చెప్పాను. రెండోది అడిగింది. అయిదూ మూడు. మూడోది అడిగింది. ప్రతిసారీ మావాళ్ళ వైపు తిరిగి చెప్పించింది. తర్వాత పెద్దమనుషుల దగ్గరికి పోయి, "కుండలో మా పేరు ఏయండి" అంది. ఆమె నా మొహం మళ్ళీ చూడలేదు.

నన్ను కొట్టింది నడికుప్పం వాళ్ళు కాదు. మావాళ్ళే. చిన్నాన్న తెడ్డు తీసుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది మోకాలి వెనక. పడ్డాక కుడి చెయ్యి ఇసుకలో పెట్టి లేవబోతే మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మా అత్త కడుపు మీద కొట్టుకుంటూ అరుస్తోంది, ఆపమని కాదు, కొట్టమని. "నా బిడ్డకుండే ఒక్క దిక్కూ లేకుండా సేసినాడు! ఈ నోరు మూయండి రా!" నోట్లో ఇసుక, రక్తం. పక్కటెముకల మీద ఎవరివో కాళ్ళు. నాకు ఆ దెబ్బలు అన్యాయమనిపించలేదు. ఇంకా కొట్టమని కూడా అనిపించలేదు. చచ్చిపోతానేమోనని గుక్కపట్టి ఏడ్చాను.

ఆపింది కోమలి. ఆమె నా మీద పడలేదు, అడ్డం నిలబడలేదు. పెదవి మీద గాయం ఇంకా మానలేదు. చిన్నాన్న చేతిలోంచి తెడ్డు లాక్కుని నీళ్ళలోకి విసిరేసింది. "సాలు. ఇంగొకడు సస్తే ఇంగొకడు జైలుకి పోవాల" అంది. అంతే.

డిసెంబరు 18

ఉద్యోగం పోయింది. రఘునాథ్ ఫోనులోనే చెప్పాడు. తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

ఆదిలక్ష్మమ్మ ఇంటిపేరు కుండలో వేశారని కోమలి కబురు పంపింది. ఆ ఒక్క ముక్కే.

డిసెంబరు 20

సబ్‌జైలు. ఏకాంబరాన్ని చూసి వచ్చాను.

కోమలి బయట చెట్టు కింద నిలబడింది. ముందు నువ్వే పో, నువ్వే చెప్పు అంది. లోపలికి ఎవరూ కబురు చేరవేయలేదు. వాడికి ఏమీ తెలియదు.

ఇనుప కంచె లాంటి మెష్ అవతల వాడు నవ్వుతూ వచ్చాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు. నా కట్టు చూసి, "ఏందిది బావా, బండి మీద నుంచి పడినావా?" అన్నాడు. అమ్మ ఎలా ఉందన్నాడు. ఇక్కడ పప్పు నీళ్ళలాగుంటుందన్నాడు. నిద్ర బాగా పడుతోందన్నాడు.

చెప్పాను. ఉత్తరం, తేదీ లేకుండా. తణికాచలం మూడుసార్లూ తన వంతులోనే వల వేశాడు, డబ్బాలో తప్పు టైము పడింది, ఆ తప్పు చేసింది నేను, నువ్వు చూడమన్నప్పుడు చూడలేదు.

వాడు మెష్‌లోకి రెండు చేతుల వేళ్ళూ దూర్చి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఉమ్ముతాడనుకున్నాను.

"అంటే వాడు దొంగ కాదా?"

"కాదు."

"ఊరికే కొట్టలేదు బావా నేను. ఆవేశంలో కొట్టలేదు. మూడు వలలు ఏసినాడు కదా అని మూడు దెబ్బలే కొట్టినా. నాలుగోది కొట్టలే. సెయ్యి లేస్తాంటే ఆపుకున్నా. న్యాయంగానే కొట్టినానని రోజూ అనుకోని పడుకుంటా ఉండా. ఆ మూడూ ఇప్పుడు యాడ పెట్టుకునేది? నాకెందుకు సెప్పినావు బావా?"

వాడు మెష్‌కు నుదురు ఆనించాడు. తర్వాత వెనక్కి తీసి కొట్టుకున్నాడు. ఒకటి. చప్పుడుకు కానిస్టేబులు తల తిప్పాడు. రెండు. నేను ఎడమ చెయ్యి ఇనుము మీద అడ్డం పెట్టాను, అవతలికి అందదు. మూడు. నుదురు పగిలి రక్తం మెష్ సందుల్లోంచి చింది నా చొక్కా మీద పడింది. కానిస్టేబుళ్ళు ఇద్దరు వచ్చి వాణ్ణి లాక్కుపోయారు. వాడు పెనుగులాడలేదు.

బయటికి వచ్చాక కోమలి అడిగింది, ఏమన్నాడని.

బాగానే ఉన్నాడు, అర్థం చేసుకున్నాడు అన్నాను.

ఆమె నా చొక్కా వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా రోడ్డు దాటి రాయకుప్పం బస్సు ఎక్కేసింది.